ముందు రాయి, తర్వాత నెల, ఆ తర్వాతే ఊరు: మన దేశంలో క్లైంబింగ్‌కు ఎక్కడికి, ఎప్పుడు, ఎలా వెళ్లాలి

క్లైంబింగ్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ముందు ఊరి పేరు అడుగుతారు. కానీ ముందు తేల్చుకోవలసింది రాయి సంగతి. దక్కన్‌లో గ్రానైట్, బాదామిలో ఇసుకరాయి, సహ్యాద్రిలో బసాల్ట్, హిమాలయాల్లో మంచు. ఒకదాని మీద పడిన అలవాటు ఇంకోదాని మీద ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే మా సలహా: గ్రానైట్‌తో మొదలుపెట్టండి, మంచును చివరికి ఉంచండి.

గ్రానైట్: భువనగిరి, హంపి, సావనదుర్గ

తెలుగువాళ్లకు దగ్గరి బడి భువనగిరి. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏకశిల గుట్ట అది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకు తొలి శిక్షణ ఈ బండ మీదే దొరికింది. ఇక్కడ నేర్వాల్సింది ఏటవాలు బండ మీద పాదాన్ని నమ్మడం. కొత్తవాళ్లు భయంతో బండను కౌగిలించుకుంటారు. అలా వాలగానే పాదం మీద ఒత్తిడి తగ్గి, బూటు పట్టు వదిలి జారుతుంది. నడుము బండకు దూరంగా, మడమ కిందికి, అడుగులు చిన్నవిగా ఉండాలి. చేతులు తూకం కోసమే.

దక్కన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కండి. అప్పుడు కూడా పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. ఎండకు కాలిన బండ మీద బూటు రబ్బరు మెత్తబడుతుంది, అరచేతులు చెమట పడతాయి. వారం క్రితం తేలిగ్గా ఎక్కిన రూటే మధ్యాహ్నం అసాధ్యంగా తోస్తుంది.

హంపిలో తాడు అక్కర్లేదు, అంతా బౌల్డరింగే, అంటే తాడు లేకుండా తక్కువ ఎత్తు బండలు ఎక్కడం. తుంగభద్రకు ఉత్తరాన ఆనెగుంది వైపు బండలు చూసుకోండి. 1986 నుంచి హంపి ప్రపంచ వారసత్వ స్థలం. గుళ్లు, మండపాలు, చెక్కిన రాళ్లు, వాటిని ఆనుకున్న బండలు ముట్టుకోవద్దు, చేతులకు పూసుకునే సుద్దపొడి వాటికి అంటనివ్వద్దు. మనిషికి కనీసం ఒక క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మందపాటి పరుపు), జట్టుకు రెండు మూడు ఉండాలి. ప్యాడ్ల మధ్య సందు వదిలితే చీలమండ సరిగ్గా అందులోనే పడుతుంది. కింద నిలబడేవాళ్ల పని పడేవాణ్ని మోయడం కాదు, తలా నడుమూ ప్యాడ్ మీద పడేలా మళ్లించడం. ఎక్కే ముందే బండ చుట్టూ తిరిగి దిగే దారి చూడండి. పైకెక్కాక దిగలేక చిక్కుకోవడం ఇక్కడ మామూలే. హంపి గ్రానైట్ గరుకుకు మూడో రోజుకల్లా వేళ్ల చర్మం అరిగిపోతుంది. రెండు రోజులు ఎక్కి ఒక రోజు ఆగితే వారం నిలుస్తారు.

బెంగళూరు దగ్గరి సావనదుర్గ 1,226 మీటర్ల కొండ. పొడవాటి బండలు, దశలు దశలుగా ఎక్కే రూట్లు. తాడు తగిలించడానికి బండలో దిగ్గొట్టిన బోల్టులు దూరం దూరంగా ఉంటాయి కనుక పడితే గరుకు బండ మీద చాలా దూరం ఒరుసుకుపోతారు. ముందు ఎక్కేవాడి నైపుణ్యం ఆ రూట్ కష్టం కన్నా రెండు మెట్లు పైనుండాలి. రామనగరలోని రామదేవరబెట్ట రాబందుల అభయారణ్యం, అక్కడికి అటవీశాఖను అడగకుండా వెళ్లవద్దు.

దక్షిణాదిలో అందరూ తక్కువగా అంచనా వేసే ప్రమాదం కొండ తేనెటీగలు. తాడు కట్టుకున్న మనిషి పరుగెత్తలేడు. తాడు కట్టే నడుము పట్టీ, అంటే హార్నెస్ వేసుకునే ముందే అంచుల కింద తెట్టెలున్నాయేమో బైనాక్యులర్‌తో చూడండి. ఉంటే ఆ గోడ వదిలేయండి. కేకలు, పొగ, అత్తరు వాసన మూడూ వాటిని రేపుతాయి.

ఇసుకరాయి: బాదామి

ఎర్రటి నిలువు గోడలు, బోల్టులు కొట్టిన రూట్లు. దేశంలో స్పోర్ట్ క్లైంబింగ్‌కు ఇంతకన్నా మంచి చోటు లేదని మా అభిప్రాయం. 60 మీటర్ల డైనమిక్ రోప్ (పడితే కొంచెం సాగే తాడు), బోల్టుకు తాడు తగిలించే క్విక్‌డ్రాలు 12 నుంచి 14, హెల్మెట్ తీసుకెళ్లండి. 60 మీటర్ల తాడుతో 30 మీటర్ల ఎత్తు నుంచి మాత్రమే దించగలం. అంతకు మించిన రూట్‌లో తాడు కొస బిలే పరికరంలోంచి (కింద ఉన్నవాడు తాడును పట్టి ఆపే సాధనం) జారిపోతే పైనున్న మనిషి నేల మీద పడతాడు. అందుకే కొసకు ఎప్పుడూ ముడి వేయండి, చిన్న రూట్‌లో కూడా.

వాన పడితే ఆగండి. ఇసుకరాయి నీరు పీల్చుకుంటుంది, రేణువుల మధ్య పట్టు సడలుతుంది, పట్టుకున్న అంచు చేతిలోకి ఊడివస్తుంది. పైన ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది. పెద్ద వాన తర్వాత రెండు మూడు రోజులు ముట్టుకోవద్దు.

బసాల్ట్: సహ్యాద్రి

లావా పొరలు పొరలుగా పేరుకున్న కొండలివి. పొరల మధ్య గడ్డి, వదులు రాళ్లు. ప్రతి పట్టునూ ముందు అరచేత్తో తట్టండి, డొల్ల శబ్దం వస్తే దాని మీద బరువు వేయకండి. కింద బిలే చేసేవాడికీ హెల్మెట్ తప్పనిసరి. అతను ఎక్కేవాడికి సరిగ్గా కింద నిలబడకూడదు. పాత మేకులు, బోల్టులు వర్షాకాలాల్లో తుప్పుపట్టి ఉంటాయి. ఖండాలా దగ్గరి డ్యూక్స్ నోస్ అనుభవమున్నవాళ్లతో వెళ్లదగ్గది. హరిశ్చంద్రగడ్‌లోని కొంకణ్ కడా నేర్చుకునేవాళ్ల చోటు కాదు.

మంచు: హిమాలయాలు

నేరుగా శిఖరానికి వెళ్లకండి, ముందు బేసిక్ కోర్సు చేయండి. డార్జిలింగ్ (1954), ఉత్తరకాశీ (1965), మనాలీ, పహల్‌గామ్‌లలో సంస్థలున్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు, సీట్లు నెలల ముందే నిండిపోతాయి. ఎ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సు.

గఢ్వాల్, కుల్లూ వైపు మే, జూన్ లేదా సెప్టెంబరు, అక్టోబరు. జులై, ఆగస్టుల్లో అక్కడ వానలు, కొండచరియలు. అప్పుడు వానమబ్బులు పెద్దగా దాటిరాని లదాఖ్‌కు వెళ్లాలి. మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) తొలి శిఖరంగా బాగుంటుంది. ఆ తర్వాత లదాఖ్‌లోని కాంగ్ యాత్సే-2 (6,250 మీటర్లు). లదాఖ్‌లోనే ఉన్న స్టోక్ కాంగ్రీ శిఖరాన్ని 2020లో మూసేశారు. సిక్కిం వైపు నుంచి కాంచన్‌జంగ ఎక్కడం నిషిద్ధం. శిఖరం ఎంచుకోగానే ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి, దారిలోని అటవీశాఖ, జిల్లా అనుమతులు చూసుకోండి.

3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొక విశ్రాంతి రోజు కావాలి. సుమారు 3,500 మీటర్లున్న లేహ్‌కు విమానంలో దిగితే రెండు రోజులు ఊళ్లోనే ఉండండి. తలనొప్పితో పాటు వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే పైకి కదలవద్దు. అనుమానముంటే ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడిపించండి. తూలితే మెదడు వాచిందనుకోవాలి. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రెండింటికీ తెల్లవారేదాకా ఆగకూడదు, వెంటనే కిందికి దించాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టరును అడిగాకే వేసుకోండి, అది దిగడానికి బదులు కాదు.

శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరేది ఎండను తప్పించుకోవడానికే. పొద్దెక్కితే మంచు మెత్తబడుతుంది, పగుళ్ల మీది మంచు వంతెనలు కూలతాయి, వాలు మీది మంచు కదులుతుంది. కొత్త మంచు బాగా పడితే కనీసం ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోవద్దు. వెనుదిరిగే సమయాన్ని కిందనే నిర్ణయించుకుని అందరికీ చెప్పండి. పది గంటలనుకుంటే, శిఖరం ఇంకో వంద మీటర్లే ఉన్నా పదింటికే తిరగాలి. దిగే దారి, మెత్తబడిన మంచు, అలసిన కాళ్లు అప్పటికి ఇంకా ముందే ఉంటాయి.