సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) మనిషికి ఇంట్లో తిండి లెక్కలు, 3వ పాఠం: రాత్రి ఖాళీ

పోయిన వారం ఇచ్చిన హోంవర్క్ చేశారా? పొట్టలో నీరు, కాళ్లలో వాపు ఉన్నప్పుడు తూకాన్ని నమ్మొద్దు, కణతలు, భుజాలు, తొడలు చూడండి అన్నాను. మా నాన్న విషయంలో మేం మోసపోయింది అక్కడే. తూకం 64 దగ్గరే ఉంది, చేతి వాచీ మాత్రం మోచేతి దాకా జారుతోంది. ఒకపక్క కండ కరుగుతూ ఇంకోపక్క నీరు చేరుతుంటే ముల్లు ఎందుకు కదులుతుంది?

ఈ వారం లెక్క చాలా చిన్నది. రాత్రి ఆఖరి ముద్దకీ పొద్దున మొదటి ముద్దకీ మధ్య ఎన్ని గంటలు?

బాగున్న లివర్ సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ (నిల్వ చేసుకున్న గ్లూకోజ్) దాచుకుని, మనం నిద్రపోతుంటే అందులోంచే కొంచెం కొంచెం గ్లూకోజ్ తీసి మెదడుకి పంపుతుంది. బియ్యం డబ్బా అనుకోండి. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడిపోయి ఆ డబ్బా చిన్నదవుతుంది, తెల్లారేలోపే అడుగంటుతుంది. ఒంట్లో కొవ్వు ఉంది కదా అంటారేమో, కొవ్వు కాలుతుంది గానీ దాన్నుంచి గ్లూకోజ్ పెద్దగా రాదు, అందుకని ఒళ్లు కండలోని ప్రోటీన్‌ని విరిచి గ్లూకోజ్ చేసుకుంటుంది. ఒక్క రాత్రి ఏమీ తినకపోతే వీళ్ల ఒంటికి అది మనం రెండు మూడు రోజులు పస్తున్నట్టే. శనివారం ఒక్కపొద్దులు ఎందుకు మానమంటారో ఇప్పుడు అర్థమయ్యిందా?

ఇంకో చిక్కుంది. ప్రోటీన్ విరిగినప్పుడు పుట్టే అమ్మోనియా అనే విషాన్ని ఈ లివర్ పూర్తిగా శుభ్రం చేయలేదు, అందులో కొంత కండే పట్టుకుంటుంది. కండ తగ్గితే రక్తంలో అమ్మోనియా పెరుగుతుంది, పెరిగిన అమ్మోనియా మళ్లీ కండ పెరగనివ్వదు. తికమక, పగలు నిద్ర, రాత్రి జాగారం మొదలయ్యేది ఇలాంటప్పుడే. పప్పు, గుడ్డు మానేస్తే తల తేటపడుతుందని ఎవరో చెప్తే మేం ఆరు నెలలు మానేయించాం, ఇప్పటికీ తలుచుకుంటే బాధ. అది పాత పద్ధతి. ఇప్పుడు చెప్పేది నీరు తీసేసిన బరువుకి కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, సుమారు 35 కేలరీలు. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు, 2,100 కేలరీలు.

సరే, లెక్క చేద్దాం. రాత్రి 8కి భోజనం, పొద్దున 6కి కాఫీ, 9:30కి ఇడ్లీ. ఖాళీ ఎంత? పది గంటలు అని రాశారంటే తప్పు. నాలుగు గుక్కల కాఫీ భోజనం కాదు, పదమూడున్నర గంటలు.

దీన్ని తగ్గించాలంటే పడుకునే ముందు ఇంకోసారి తినాలి, కనీసం 50 గ్రాముల పిండిపదార్థం ఉండేలా. దీనికోసం డబ్బాల పొడులే కొనక్కర్లేదు. ఒక కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా ఉంటుంది, పెరుగు కలిపితే లెక్క సరిపోతుంది, కాస్త ప్రోటీన్ కూడా కలిసొస్తుంది. రాత్రిపూట పెరుగేంటి, జలుబు చేస్తుంది అని మా పెద్దమ్మ గొడవ చేసింది, చేయనీండి. నంజుకోవడానికి ఆవకాయ మాత్రం వద్దు, ఉప్పుతో నీరు చేరుతుంది. అన్నం వద్దంటే రెండు పుల్కాలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు. షుగర్ ఉన్నవాళ్లు, మందులు మార్చుకుంటున్నవాళ్లు ఇది మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి, ఈ మాట ప్రతి పాఠంలోనూ చెప్తాను, విసుక్కోకండి.

10:30కి పెరుగన్నం, 6:30కి కాఫీతో పాటు ఇడ్లీ పెట్టండి. ఎనిమిది గంటలకి వచ్చేసింది.

హోంవర్క్: ఏడు రోజులు ఆ రెండు టైములూ క్యాలెండర్ మీద రాయండి. ఖాళీ పది గంటలకి మించిన రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. వచ్చే పాఠం కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచే పరీక్ష, గోడకి ఆనించడానికి గట్టి కుర్చీ ఒకటి చూసి ఉంచండి, ప్లాస్టిక్‌ది వద్దు.