డాబా మీద పడే వాన నీళ్లు మురికి కాకుండా పట్టుకోవడం ఎలా?

విశాఖలో ఏ డాబా అయినా ఎక్కి నేల మీద వేలితో ఒక గీత గీసి చూడండి. గాజువాక, పోర్టు వైపు ఇళ్లలో వేలికి నల్లటి దుమ్ము అంటుతుంది. బీచ్‌కి దగ్గరగా ఉంటే దానికి ఉప్పుగాలి జిడ్డు కూడా తోడవుతుంది. పైగా కాకుల, పావురాల రెట్టలు. వాన మొదలవగానే ఇదంతా కరిగి గొట్టంలోకి దిగుతుంది. అందుకే ఫిల్టర్ కొనేముందు ఆ తొలి నీళ్లు ట్యాంకులోకి వెళ్లకుండా ఆపాలి. అసలు పని అదే.

చదరపు మీటరుకు కనీసం ఒక లీటరు వదిలేయాలి. డాబా 50 చదరపు మీటర్లు, అంటే దాదాపు 540 చదరపు అడుగులు ఉంటే 50 లీటర్లు. ఆరంగుళాల పీవీసీ పైపు మీటరుకు సుమారు 18 లీటర్లు పడుతుంది కాబట్టి 3 మీటర్ల ముక్క చాలు. దుమ్ము ఎక్కువగా పడే చోట ఇంకో ముక్క కలపండి.

డాబా నుంచి దిగే నాలుగంగుళాల గొట్టానికి ఒక టీ (T ఆకారంలో మూడు దారులున్న జాయింటు) వేయించండి. టీ అడుగున రెడ్యూసర్ (వేర్వేరు సైజుల గొట్టాలను కలిపే ముక్క) పెట్టి, ఈ ఆరంగుళాల పైపును నిలువుగా బిగించాలి. బిగించే ముందు లోపల ఒక ప్లాస్టిక్ బంతి వేయండి. అది నాలుగంగుళాల మూతిలో దూరిపోకూడదు, ఆరంగుళాల పైపులో మాత్రం సులువుగా కదలాలి. మురికి నీళ్లు పైపు నింపుతుంటే బంతి తేలుతూ పైకొచ్చి మూతిని మూసేస్తుంది. ఆపై వచ్చే నీళ్లు టీ పక్క దారిన ట్యాంకు వైపు వెళ్తాయి. పైపు అడుగున మర మూత పెట్టి, దానికి సన్నటి రంధ్రం చేయండి. వాన వెలిశాక నీళ్లు చుక్కచుక్కగా కారిపోయి, పైపు తర్వాతి వానకు ఖాళీ అవుతుంది. నిండిన పైపు 50 కిలోలు దాటుతుంది, క్లాంపులు గట్టివి వేయించండి.

ట్యాంకుకు ముందు వడపోత డ్రమ్ము ఉండాలి. అడుగున గులకరాళ్లు, వాటిపైన చిన్న కంకర, ఆపైన ఇసుక. మధ్యలో నైలాన్ దోమతెర పరిస్తే ఇసుక కిందికి జారదు. అన్నిటినీ నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. బీచ్ ఇసుక మాత్రం అస్సలు వద్దు, ఉప్పు వదలదు.

ట్యాంకు నల్లదైతే మంచిది. వెలుతురు తగిలితే నాచు పడుతుంది. మూత బిగుతుగా ఉండాలి, ఓవర్‌ఫ్లో గొట్టానికి దోమతెర కట్టాలి. నిలవ నీళ్లలో వారం, పది రోజుల్లోనే దోమలు తయారవుతాయి, డెంగీ దోమకు ఇలాంటి నీళ్లే ఇష్టం.

వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, అడుగున మడ్డి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. గంట ఆగి వాడుకోవచ్చు. అయితే ఈ నీళ్లు స్నానానికి, బట్టలకు, ఇల్లు కడగడానికే. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ దుమ్ములోంచి కరిగిన లోహాలు పోవు. పరీక్ష చేయించకుండా తాగడానికి వాడమని నేను చెప్పను. ఆస్‌బెస్టాస్ రేకుల మీది నీళ్లను ఇంట్లోకి అసలు పట్టకండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడలేదు. మనకు వానలు గట్టిగా పడే నెల కూడా అక్టోబరే. కాబట్టి జూన్‌కి ముందొకసారి, సెప్టెంబర్ చివర్లో ఇంకోసారి డాబా ఊడ్చి, ఇసుక పైపొర తీసి కడిగి, బంతి సరిగ్గా కదులుతోందో లేదో చూసుకోండి.