పాత కారు, పది కాలాలు – 5వ పాఠం: తుప్పుని కనిపెట్టడం

పోయిన పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఇంజన్ ఆయిల్ చూడటం నేర్చుకున్నాం. ఈసారి బానెట్ జోలికి పోం. నేల మీద కూర్చుని, వంగి, అవసరమైతే పడుకుని చూడాలి. పాత లుంగీ కట్టుకోండి.

మాది 2003 మోడల్ మారుతి 800. ఆ కారు తయారీ 2014లో ఆపేశారు. అయినా ఆ 796 సీసీ, 3 సిలిండర్ల ఇంజన్‌కి ఏ సామాను కావాలన్నా నాకు ఇంతవరకు దొరక్కుండా పోలేదు. 15 ఏళ్లు దాటాక ఆర్సీ రెన్యూవల్ కూడా రెండుసార్లు అయింది. ఇంజన్ పాడైతే విప్పి బాగు చేయించుకోవచ్చు. బాడీ అలా కాదు. మన డెల్టాలో బళ్లు షెడ్డుకి పోయి తిరిగి రాకపోవడానికి ఎక్కువగా తుప్పే కారణమని నా లెక్క.

నరసాపురం, మొగల్తూరు వైపు గాలిలోనే ఉప్పుంటుంది. దానికి తోడు రొయ్యల చెరువులు. సరుకు లారీ ముందు వెళ్తుంటే, దాన్నుంచి కారే నీళ్లన్నీ మన బండి అడుగుకే చిమ్ముతాయి. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలి చాలు. ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది, తుప్పు జోరందుకుంటుంది. పైగా ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది. రంగు మీద పొక్కులు లేచేది అందుకే. పైకి శనగగింజంత కనిపించినా, లోపల రూపాయి బిళ్లంత తినేసి ఉండొచ్చు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. ఒక షెడ్డులో అడుగు భాగానికి నల్ల కోటింగ్ కొట్టించాను. వాళ్లు పాత తుప్పు గీకకుండానే పైన పూసేశారు. నేనూ దగ్గరుండి చూసుకోలేదు. రెండో వానాకాలంలో మా ఆవిడ, "కాళ్ల దగ్గర చల్లగా ఉంది, ఏసీ ఏమైనా పెట్టించారా?" అంది. కార్పెట్ ఎత్తితే రోడ్డు కనిపించింది! తుప్పు మీద కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోతుంది, మన కంటికీ కనపడదు.

ఇక పని. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవర్, ఒక కొబ్బరి ఈనె.

ముందు తలుపులు. అద్దం పక్క నుంచి వాననీరు తలుపు లోపలికి దిగడం మామూలే, అది లోపం కాదు. ఆ నీరు పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. కోతల రోజుల్లో దుమ్ము, ఊక చేరి అవి పూడుకుపోతాయి. తలుపు ఊపితే లోపల నీళ్లు గలగలమంటే ఆలస్యం చేయకండి. ఈనె దూర్చి మెల్లగా కదపండి. ఇనుప చువ్వ వద్దు, లోపలి రంగు గీసుకుపోతుంది. నేను మొదటిసారి తీసినప్పుడు చెంబెడు నీళ్లొచ్చాయి, మురుగు కంపుతో.

తర్వాత తలుపు కింద గుమ్మంలా ఉండే రేకుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొదబొదమంటుంది. కొబ్బరికాయ ఏరడం వచ్చినవాళ్లకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. వైపర్ల కింద చేరే ఆకులు, బ్యాటరీ కింది పళ్లెం, చక్రాల పైన గూడుకట్టే బురద కూడా ఒక చూపు చూడండి. అడుగు చూడాలంటే సర్వీసింగ్ ర్యాంపు ఎక్కించండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరొద్దు.

పొక్కు దొరికితే ఎమ్రీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, బాగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఆపైన రంగు వేయండి. చిల్లి పడితే వెల్డింగ్ మేస్త్రీ పని. పుట్టీతో పూడ్చేస్తానంటే ఒప్పుకోకండి.

కడగడానికి ఉప్పు బోరు నీళ్లు వాడొద్దు. కాలువ నీళ్లు రెండు బకెట్లు నయం. పంటు (బళ్లని కూడా గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి దాటి అంతర్వేది తీర్థానికి వెళ్లొస్తే, అలసటగా ఉన్నా ఆ రాత్రే అడుగు భాగం కడిగేయండి.

వచ్చే పాఠం రేడియేటర్. ఈలోపు ఏ తలుపులోంచి ఎన్ని నీళ్లొచ్చాయో నోటుబుక్కులో రాసుకోండి. డిక్కీ తలుపుకి కూడా రంధ్రాలుంటాయి, అక్కడా ఈనె పెట్టి చూడండి.