ఇంటి సరుకు పాఠాలు – 3: పప్పులు, బియ్యం పురుగు పట్టకుండా దాచుకోవడం

పోయిన పాఠంలో బియ్యం బస్తా విప్పిన రోజు తారీఖు దాని మీదే స్కెచ్ పెన్‌తో రాయమన్నాను, ఖాళీ అయిన రోజు మళ్ళీ ఇంకో తారీఖు వేయమన్నాను, పప్పుల డబ్బాలకీ అంతే. ఆ లెక్క మీ దగ్గరుంటేనే ఈ పాఠం పనికొస్తుంది. లేకపోతే చవగ్గా వస్తున్నాయి కదా అని పది కిలోలు తెచ్చేసుకుంటాం, మనం తినేది ఆరు కిలోలే అని తర్వాత తెలుస్తుంది, మిగతాది పురుగులే తింటాయి. ఇంకా మొదలుపెట్టని వాళ్ళు ఈ నెల నుంచి రాయండి, ఈలోపు ఇది చదివి పెట్టుకోండి.

అసలు ఏడాదికి సరిపడా ఒకేసారి ఎందుకు కొనాలి అని చాలామంది అడుగుతారు, ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో వస్తోంది కదా అని. కారణాలు రెండు. ఒకటి ధర. కందులు సంక్రాంతి అటూఇటూగా కొత్త పంట వస్తాయి, కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో చల్లిన మినుములు, పెసలు వేసవి మొదట్లో చేతికొస్తాయి. సరుకు దండిగా ఉన్నప్పుడు కొంటే మామూలుగా తక్కువకొస్తుంది, శ్రావణమాసం మొదలై దీపావళి దాకా పండగలన్నీ వరసపెట్టి వచ్చేటప్పటికి కిలో కిలో కొనుక్కునే వాళ్ళకి ఎక్కువ పడుతుంది. ప్రతి ఏడూ ఇలాగే ఉంటుందని కాదు, పంట పోయిన ఏడు మొదట్నుంచీ ధర మండిపోతుంది, అప్పుడు తొందరపడకండి.

రెండోది మన వాతావరణం. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే కోస్తా వాళ్ళకి తుపాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఊరికి ఊరే కరెంటు లేకుండా రోజుల తరబడి ఉంది, పాల ప్యాకెట్ కోసం కూడా క్యూలో నిలబడ్డారు జనం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేస్తే కింద పోర్షన్ల వాళ్ళు పై అంతస్తుల్లోకి ఎక్కి కూర్చున్నారు. అలాంటప్పుడు ఇంట్లో సరుకుంటే ధైర్యంగా ఉంటుంది, కానీ ఆ సరుకు నేల మీద బస్తాల్లో ఉంటే ఉన్నా లేనట్టే. అందుకే ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ పాఠంలోనే చెప్తున్నా.

ముందు పప్పులు. పురుగు మన వంటింట్లో పుట్టదు, చాలావరకు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టేసి ఉంటుంది, ఆ గింజతో పాటే మన ఇంటికొస్తుంది. గుప్పెడు పెసలో అలసందలో తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో చూడండి. గింజ మీద ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్క అంటుకుని ఉంటుంది, వేలితో తుడిస్తే పోదు, గోటితో గీకితేనే ఊడుతుంది. అదే గుడ్డు. అది చిట్లి లోపలికి దూరిన పిల్ల పురుగు గింజ పిండంతా తినేసి, చివరికి గుండ్రటి బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. మన వేసవి వేడికి ఈ తతంగమంతా ఇంచుమించు నెల రోజుల్లో అయిపోతుంది, అంటే మీరు ఏప్రిల్లో డబ్బాలో పోసి వదిలేస్తే జూన్ కల్లా పురుగులు రెండో తరంలోకి వచ్చేస్తాయి. కొట్లో కొనేటప్పుడే ఆ తెల్ల చుక్కలు కనిపిస్తే ఆ బస్తా వద్దనండి, మొహమాటపడొద్దు.

ఈ పురుగుకి గుడ్డు పెట్టుకోడానికి నున్నటి పొట్టున్న నిండు గింజ కావాలి. అందుకే బద్ద చేసిన పప్పుకి ఈ బాధ చాలా తక్కువ. ఏడాదికి దాచేవాళ్ళు కందులు గింజలుగా కంటే పప్పుగానే కొనుక్కోవడం తేలిక అని నా అభిప్రాయం, గింజలు మర పట్టించుకునే అలవాటున్న వాళ్ళు మాత్రం వెంటనే పట్టించేసుకోండి. పెసలు, శనగలు, అలసందలు (బొబ్బర్లు అన్నా ఇవే) మాత్రం పెసరట్టుకి, గుగ్గిళ్ళకి గింజలుగానే కావాలి కాబట్టి వాటికి తప్పకుండా కింద చెప్పినట్టు చేయాలి.

ఎండబెట్టడం. ఎండ బాగా తీక్షణంగా ఉన్న రోజుల్లో డాబా మీద పాత నూలు చీరో దుప్పటో పరిచి గింజలు పల్చగా, వేలి మందం మించకుండా పోయండి. పొద్దున తొమ్మిదికి పోసి మూడు మూడున్నరకల్లా ఎత్తేయాలి, సముద్రం దగ్గరి ఊళ్ళల్లో సాయంత్రం గాలికి తేమ మళ్ళీ పట్టేస్తుంది. గంటకోసారి చేత్తో కలియబెట్టండి, పావురాలు రాకుండా పైన పాత దోమతెర కప్పితే చాలు. రెండు మూడు రోజుల ఎండ. ఇక్కడ ఒక్క మాట, దీన్ని మాత్రం మర్చిపోకండి: ఎండలోంచి తెచ్చిన వేడి పప్పు వేడిగానే డబ్బాలో పోసి మూత పెట్టకూడదు. లోపల ఆవిరి పట్టి మూతకి చెమట పోస్తుంది, ఆ తడికి పురుగే కాదు బూజు కూడా వస్తుంది, బూజు వాసన వచ్చిన పప్పుని కడిగి వాడదామనుకోకండి, పారేయాల్సిందే. ఇంట్లో పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా చల్లారనివ్వండి.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? పాతవాళ్ళు పంటి కింద పెట్టి కొరికి చూస్తారు, కటుక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా నొక్కుకుపోతే ఇంకా కావాలి. అది అలవాటైన వాళ్ళకి చాలు. కొత్తవాళ్ళకి ఉప్పు సీసా పరీక్ష చెప్తాను. మెత్తటి ఉప్పు నాలుగు స్పూన్లు మూకుట్లో వేడి చేసి, చల్లారాక పొడిగా ఉన్న గాజు సీసాలో వేయండి, సీసాలో మూడో వంతు దాకా గింజలు పోయండి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఊపి పావుగంట అలా వదిలేయండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుని నిలబడిందంటే గింజలో తేమ ఉంది. పొడిపొడిగా అడుగుకి జారిపోతే ఫరవాలేదు. అయితే ఈ పరీక్ష పదిహేను శాతం పైన ఉన్న తేమనే పట్టిస్తుంది, పప్పులకి అంతకంటే తక్కువ ఉండాలి కాబట్టి పరీక్ష పాసయ్యాక కూడా ఇంకో రోజు ఎండ ఇవ్వండి.

ఇప్పుడు ఆముదం. కిలో గింజలకి ఒక చిన్న స్పూను, అంటే ఐదు మిల్లీలీటర్లు, వంటాముదం. పళ్ళెంలో గింజలు పోసి అరచేతుల మధ్య రుద్దుతూ కలపాలి, ప్రతి గింజా సన్నగా మెరవాలి, జిడ్డుగా కారకూడదు. గుడ్డు మీద నూనె పొర పడితే దానికి గాలి ఆడదు, కొత్త గుడ్డు కూడా నున్నటి గింజ మీద సరిగ్గా అంటుకోదు, అందుకే ఇది పనిచేస్తుంది. వండేముందు గోరువెచ్చటి నీళ్ళతో రెండుసార్లు కడిగితే వాసన పోతుంది. కందిపప్పుకి కూడా మా వైపు పెద్దవాళ్ళు రాస్తారు, అదనపు జాగ్రత్త, మానేసినా ప్రమాదం లేదు.

ఆ తర్వాత గాలి లేకుండా నింపడం. దీనికి ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు కడిగి, బోర్లించి, రెండ్రోజులు పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు, ఒక్కోదాంట్లో కిలోన్నర పప్పు పడుతుంది. గరాటుతో పోస్తూ నేల మీద తట్టండి, మూత దాకా నిండాలి. పురుగుకి కూడా ఊపిరి కావాలి కదా, నిండుగా బిగించిన సీసాలో ఒకటీ అరా మిగిలినా పెరగలేదు. సగం ఖాళీ డబ్బాలే తొందరగా పాడవుతాయి. ఇంకో లాభం ఏంటంటే, ఒక సీసా విప్పితే మిగతా సీసాలకి గాలి తగలదు, పెద్ద డ్రమ్ములో అయితే రోజూ మూత తీయడమే. సీసా మీద నింపిన తారీఖు రాయండి, పాతది ముందుకి, కొత్తది వెనక్కి.

బియ్యం దగ్గరికొద్దాం. బియ్యం గుడ్డిగా ఎండలో పోయకండి. వడ్లు ఎండబెట్టడం వేరు, మర ఆడిన బియ్యం వేరు, గట్టి ఎండకి బియ్యం గింజ పగుళ్ళిచ్చి వండేటప్పుడు నూకలు నూకలుగా అవుతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి ఒక పూట ఆరబోస్తే సరిపోతుంది. అసలు బియ్యంలో పురుగు రావడానికి ముఖ్యమైన కారణం కొత్త బియ్యం కాదు, పాత డ్రమ్ము. అడుగున మూలల్లో మిగిలిన తవుడు, నూక, పొడిలో ముక్కు పురుగు బతికే ఉంటుంది, మనం దాని మీద కొత్త బస్తా కుమ్మరిస్తాం. డ్రమ్ము పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఒక రోజంతా ఎండలో పెట్టి, చల్లారాక పోయండి. ఇదొక్కటి చేస్తే సగం సమస్య ఉండదు.

వేపాకు వేస్తారు కదా, వేయండి, కానీ నీడలో గలగలమనేలా ఎండిన ఆకే వేయాలి, పచ్చి రెబ్బలు వేస్తే ఆ తేమ బియ్యానికే పడుతుంది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, లవంగాలు వీటి వల్ల కొంత ఉపయోగం ఉందేమో గానీ తేమ ఉన్న బియ్యాన్ని అవి కాపాడలేవు. బోరిక్ పౌడర్ కలపొద్దు, కడిగితే పోతుందిలే అంటారు, పిల్లలున్న ఇంట్లో ఆ మాట నమ్మడానికి లేదు. ఇంకా ముఖ్యంగా గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరైనా తెచ్చిచ్చినా ఇంట్లోకి రానివ్వకండి, తేమ తగిలితే వాటిలోంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనుషుల్ని చంపేస్తుంది, మూసిన గదిలో పడుకున్నవాళ్ళు లేవరు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగానే ప్రాణాలు పోయాయి.

దంపుడు బియ్యం, చిరుధాన్యాల పిండి, గోధుమపిండి ఏడాదికి కొనకండి. తవుడులో నూనె ఉంటుంది, రెండు మూడు నెలలు దాటితే చేదెక్కుతుంది. బొంబాయి రవ్వ దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక సీసాలో పెట్టుకోవచ్చు. చిన్న ప్యాకెట్లయితే డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు చచ్చిపోతాయి, కానీ బయటికి తీశాక ప్యాకెట్టు విప్పకుండా మామూలు వేడికి రానివ్వాలి, చల్లగా ఉండగా విప్పితే నీరు పడుతుంది.

బస్తా సైజు సంగతి కూడా. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగ్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక మిల్లుల వాళ్ళు 26 కిలోల బస్తాలు మొదలుపెట్టారు, కాబట్టి రెండు కొట్ల ధర పోల్చేటప్పుడు బస్తా ధర కాకుండా కిలో ధర లెక్కేసుకోండి.

ఎక్కడ పెట్టాలి అంటే, నేలకి ఆనించకుండా ఇటుకలో చెక్క బల్లో వేసి, గోడకి నాలుగు వేళ్ళ దూరంగా. వానాకాలం గోడలు చెమ్మ పీలుస్తాయి. పల్లపు వీధుల్లో ఉన్నవాళ్ళు, గోదావరి, కృష్ణ ఏటిగట్ల కింద ఉన్నవాళ్ళు, ఒకసారి నీళ్ళు చూసిన కాలనీల వాళ్ళు సెప్టెంబరు రాకముందే సీసాలన్నీ అటక మీదకి ఎక్కించేయండి. కింద రోజువారీ వాడకానికి ఒక్క డబ్బా చాలు. తుపాను హెచ్చరిక వచ్చాక ఎక్కిద్దాంలే అనుకుంటే ఆ హడావిడిలో ముసలివాళ్ళు, పిల్లలు, పశువులు చూసుకోవాలి, బియ్యం గుర్తుండదు.

అదే అటక మీద ఒక సంచి విడిగా కట్టుకోండి. పెసరపప్పు రెండు కిలోలు (కందిపప్పు కంటే చాలా తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది), అటుకులు, పుట్నాలు, వేరుశనగ గుళ్ళు, బెల్లం, ఉప్పు. అటుకులు పొయ్యి లేకపోయినా నీళ్ళు చిలకరించుకుని బెల్లంతో తినేయొచ్చు. వేరుశనగ గుళ్ళు మాత్రం రెండు నెలలకోసారి మార్చాలి, అవి మెత్తబడి బూజు వాసన వస్తే తినకూడదు. పాతవి చట్నీకి వాడేసి కొత్తవి పెట్టుకోండి, సంచి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఏదీ వృథా పోదు.

ఈ వారం పని. ఏడాది సరుకు ఇప్పుడే కొనొద్దు. రెండు కిలోల పెసలు మాత్రం తెచ్చి, తెల్ల చుక్కలు చూడ్డం దగ్గర్నుంచి సీసా మూత బిగించేదాకా మొత్తం ఒకసారి చేయండి. సీసా మీద తారీఖు వేసి నెలన్నర తర్వాత వెలుతుర్లో పెట్టి చూడండి. అడుగున పిండి గానీ, గింజల్లో బెజ్జాలు గానీ కనిపిస్తే ఎండ చాల్లేదని, మళ్ళీ రెండు రోజులు ఎండబెట్టి పుచ్చులు ఏరేయాలి. నీళ్ళల్లో పోస్తే పుచ్చులు తేలతాయి గానీ నిల్వ సరుకుని అలా తడపకండి, వండుకునే రోజు చూసుకోవచ్చు. శుభ్రంగా ఉంటే ధైర్యంగా మీ లెక్క ప్రకారం మిగతా పప్పులు తెచ్చుకోండి. చింతపండు, ఎండుమిర్చి, పసుపు నాలుగో పాఠంలో చెప్తాను, వాటి పద్ధతి వేరు, చింతపండుకి ఉప్పు ఎంత పడుతుందో దగ్గర్నుంచి మొదలుపెడదాం.