మైటోకాండ్రియా ఫార్వర్డ్ వస్తే ఎలా చదవాలి

మా పెదనాన్నకి పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించి, ఒళ్ళు బిగుసుకుపోయే మెదడు జబ్బు) అని తేలినప్పటి నుంచి 'మైటోకాండ్రియా బాగుపడితే మెదడు బాగుపడుతుంది' అనే ఫార్వర్డ్ ఫ్యామిలీ గ్రూపులోకి వారానికోసారైనా వస్తోంది. మైటోకాండ్రియా అంటే కణాల లోపల శక్తిని తయారుచేసే చిన్న చిన్న భాగాలు. ఆ ఫార్వర్డ్ అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. అలాంటిది చదివేటప్పుడు నేనేం చూస్తానో చెప్తా.

ముందు, ప్రయోగం దేని మీద చేశారో వెతకండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో రిచర్డ్ యూల్ బృందం 2008లో కణాలకి ఒక రసాయనం పెట్టి మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ తేడా పడిపోయేలా, అంటే అవి పాడయ్యేలా చేసింది. అప్పటిదాకా కణమంతా పరుచుకుని ఉన్న పార్కిన్ అనే ప్రోటీన్ వెళ్ళి ఆ పాడైన వాటికే అంటుకుంది, తర్వాత కణం వాటిని తనలోనే అరిగించేసుకుంది. ఏది పాడైందో పార్కిన్‌కి చూపించేది పింక్1 అనే ఇంకో ప్రోటీన్, పొద్దున్నే చెత్త బండిని సరైన గుమ్మం ముందు ఆపే మనిషి లాంటిదన్నమాట. ఈ రెండు ప్రోటీన్ల జన్యువుల్లో లోపముంటే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ రావచ్చని అప్పటికే తెలుసు కాబట్టి ఇది పెద్ద వార్తయింది, యూల్‌కి 2021లో సైన్స్‌కిచ్చే పెద్ద బహుమతి బ్రేక్‌త్రూ ప్రైజ్ కూడా వచ్చింది. కానీ ఆ పనిలో ఎక్కువగా వాడినవి హేలా కణాలు, అంటే క్యాన్సర్ గడ్డ నుంచి తీసి ల్యాబుల్లో పెంచుకుంటూ వస్తున్నవి. పార్కిన్ జన్యువు తీసేసిన ఎలుకలకేమో మనుషుల్లో కనిపించేలాంటి జబ్బు రాలేదు!

తర్వాత ఏది ముందు, ఏది వెనక అని అడగండి. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు కుర్రాళ్ళు కొద్దిరోజుల్లోనే పార్కిన్సన్స్ రోగుల్లా కొయ్యబారిపోయారు. అందులోని ఎంపీటీపీ అనే రసాయనం మెదడులోకి వెళ్ళి, ఇంకో రసాయనంగా మారి, మైటోకాండ్రియా పనిని అడ్డుకుంటుందని తర్వాత తేలింది. అక్కడ వరస స్పష్టంగా ఉంది: ముందు మైటోకాండ్రియా దెబ్బతిన్నాయి, తర్వాత జబ్బు లక్షణాలొచ్చాయి. చనిపోయిన రోగి మెదడులో మైటోకాండ్రియా నీరసంగా కనిపిస్తే మాత్రం అది జబ్బుకి కారణమో ఫలితమో అంత తేలిగ్గా చెప్పలేం.

ఇక మాత్రలు. మైటోకాండ్రియాకి బలమని అమ్మే కోక్యూటెన్ అనే సప్లిమెంట్‌ని 600 మంది పార్కిన్సన్స్ రోగుల మీద, రోజుకి 1200, 2400 మిల్లీగ్రాముల డోసుల్లో పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే మేలేమీ కనబడక ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. క్రియాటిన్ అనే ఇంకో సప్లిమెంట్‌దీ అదే కథ, 1741 మందితో. డబ్బా అమ్మేవాడు ఇవి చెప్పడు. వాడి మాట నమ్మి డాక్టరు రాసిన లెవోడోపా (పార్కిన్సన్స్‌కి వాడే ముఖ్యమైన మందు) మాత్రం మానేయకండి, దాన్ని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

మాత్ర పేరున్న ఫార్వర్డ్‌కి నేను పెట్టే రిప్లై ఒకటే: మనుషుల మీద చేశారా, ఎంతమంది మీద, దేంతో పోల్చారు? మా బాబాయ్ ఇంతవరకూ జవాబివ్వలేదు, గుడ్ మార్నింగ్‌లు మాత్రం రోజూ పెడుతున్నారు.