కాఫీ పండు కోత నుంచి గింజ ఆరబెట్టే దాకా

ఒకప్పటి విశాఖ మన్యంలో, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న అరకు, పాడేరు, చింతపల్లి కొండలపై సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఏడాది పొడుగునా శ్రద్ధగా పెంచిన పంట కూడా కోత మొదలైన తరవాత రెండు వారాల అజాగ్రత్తతో ధర కోల్పోవచ్చు కనుక, కొత్తగా తోట చేతికొచ్చిన రైతులు ముందుగా నేర్చుకోవలసింది ఈ దశనే.

వేసవి తొలి జల్లులకు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూసే అరబికా ఎనిమిది, తొమ్మిది నెలలకు పండుతుంది. ఒకే కొమ్మపై పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి కాబట్టి నవంబరు నుంచి పది, పదిహేను రోజులకొకసారి తోట తిరిగి, ఎర్రగా పండినవి మాత్రమే కోయండి. వేళ్ల మధ్య నొక్కితే గింజ సులువుగా బయటికి రావాలి. బ్రెజిల్‌లోని విశాలమైన చదును నేలల్లో యంత్రాలతో కొమ్మలు దులిపి, పచ్చివీ పండినవీ తరవాత వేరుచేస్తారు; కొలంబియా కొండవాలుల్లో మనలాగే చేతితో కోస్తారు. కూలి ఖర్చు తగ్గుతుందని కొమ్మను ఒకేసారి దూసేయడం మన వాలు తోటల్లో లాభసాటి కాదని నా అభిప్రాయం. ఆకులూ లేత కొమ్మలూ విరిగితే ఆ నష్టం వచ్చే ఏటి కాపులోనూ కనిపిస్తుంది.

కోసిన పండ్లను సంచుల్లో రాత్రంతా ఉంచితే వేడెక్కి పులిసిపోతాయి కాబట్టి అదే రోజు పల్పింగ్ చేయాలి, అంటే యంత్రంతో పండు తొక్క వలవాలి. ముందు నీటిలో పోసి తేలిన తాలు పండ్లు తీసేయండి. తొక్క వలిచే యంత్రమైన పల్పర్‌లో సందు మరీ బిగుతుగా ఉంటే గింజ చిట్లుతుంది, వదులుగా ఉంటే తొక్క మిగిలిపోతుంది. తొక్క వలిచిన గింజలను వాటిని అంటుకున్న జిగురు వదిలేలా తొట్టెలో సుమారు 24 నుంచి 36 గంటలు మాగనివ్వాలి. కొండపై చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యం కావచ్చు. అందువల్ల గడియారం కన్నా చేతిని నమ్మడం మేలు: పిడికెడు గింజలు కడిగి రుద్దినప్పుడు జిగురు లేకుండా గరగరలాడితే, వెంటనే మంచినీటితో మూడు నాలుగుసార్లు కడగాలి. పుల్లని వాసన వచ్చేదాకా ఆగితే ఆ వాసన కప్పులోకీ వస్తుంది. కడిగిన నీటిని గెడ్డల్లోకి (వాగుల్లోకి) వదలకండి. తొక్కను ఎరువుగా కుళ్లబెట్టండి.

నీరు తక్కువైన చోట పండును తొక్కతోనే ఎండబెట్టవచ్చు. ఇథియోపియాలో తరతరాలుగా వస్తున్న పద్ధతి ఇదే. కానీ తొక్కతో ఎండడానికి చాలా ఎక్కువ రోజులు పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతపు తుఫాన్ల భయం ఉన్న మనకు (2014లో హుద్‌హుద్ కాఫీ తోటల నీడచెట్లను ఎలా కూల్చిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు) తొలి విడత పంటను తొక్క తీసి ఆరబెట్టడమే క్షేమం.

కడిగిన గింజను మట్టినేలపై కాక, వలబల్లలపై గానీ శుభ్రమైన సిమెంటు కళ్లంలో గానీ పలుచగా పరిచి, తరచుగా తిరగేస్తూ ఉండాలి. సాయంత్రం మంచు పడకముందే టార్పాలిన్ కప్పాలి. మంచి ఎండకు వారం, పది రోజుల్లో తేమ సుమారు పది శాతానికి దిగుతుంది. తేమ కొలిచే యంత్రం లేకపోతే, ఒకే కొలపాత్రను గింజలతో నింపి రోజూ తూచండి. వరుసగా రెండు రోజులు బరువు తగ్గకపోతే గింజ ఎండినట్లే. తరవాత శుభ్రమైన గోనె సంచులకెత్తి, గోడకు ఆనకుండా చెక్కలపై, ఎరువులకూ కిరోసిన్‌కూ దూరంగా నిలవ చేయండి. గింజ మీద మిగిలి ఉండే ఎండిన పైపొరను మాత్రం అమ్మకం కుదిరేదాకా ఒలవకండి.