జపాన్ యానిమేను అర్థం చేసుకుంటూ చూడడం ఎలా?

యానిమే, అంటే జపాన్ యానిమేషన్ చిత్రాలు, చూడడం అలవాటైన కొంతకాలానికి చాలామందికి ఒక వెలితి తెలుస్తుంది. కథ అర్థమవుతూనే ఉంటుంది, సబ్‌టైటిళ్లు సరిగానే ఉంటాయి, అయినా ఒక పాత్ర ఉన్నట్టుండి ఎందుకు సిగ్గుపడిందో, మరో పాత్ర ఎందుకు నొచ్చుకుందో అంతుపట్టదు. ఈ యానిమేలలో ఎక్కువ భాగం ముందుగా జపాన్ ప్రేక్షకుల కోసం తీసినవి కావడం, వాళ్లకు చిన్ననాటి నుంచీ తెలిసిన సంగతులను తెర మీద ఎవరూ విడమరచి చెప్పకపోవడం దీనికి కారణం. అందువల్ల ఇక్కడ నేర్చుకోవలసింది ముఖ్యంగా ఒక్కటే, చెప్పకుండా వదిలేసిన దానిని పట్టుకోవడం.

అంతకుముందు ఒక అపోహ తొలగించుకోవాలి. యానిమే అనేది ఒక కథారకం కాదు. జపాన్‌లో ఆ మాట యానిమేషన్ అంతటికీ వర్తిస్తుంది. షోనెన్, షోజో, సెయినెన్, జోసెయి అనే పేర్లను కూడా కథారకాలుగా పొరబడుతుంటారు గాని, అవి మాంగా (బొమ్మల కథల) పత్రికలు వరుసగా అబ్బాయిలను, అమ్మాయిలను, వయసు వచ్చిన పురుషులను, స్త్రీలను ఉద్దేశించి వెలువడడం వల్ల వచ్చిన పేర్లు. పోరాటాలు, ప్రేమలు, హాస్యం ఈ నాలుగింటిలోనూ ఉంటాయి. 1988 ఏప్రిల్‌లో స్టూడియో ఘిబ్లి అనే జపాన్ యానిమేషన్ సంస్థ అడవిలోని వింతజీవితో స్నేహం చేసే అక్కాచెల్లెళ్ల కథను, యుద్ధకాలంలో ఆకలితో అలమటించే అన్నాచెల్లెళ్ల కథను జోడీగా ఒకే రోజున థియేటర్లకు పంపింది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం ఎవరి వల్లా కాదు.

వందల ఎపిసోడ్ల ధారావాహికతో కాకుండా ఒక సినిమాతో మొదలుపెట్టడం మంచిది. డబ్బింగు కాకుండా జపనీస్ మాటలు వినిపించే ప్రతిని ఎంచుకుని, మొదటిసారి కథ కోసం, రెండోసారి కేవలం పిలుపుల కోసం చూడండి. రెండోసారి చూడడం కాలయాపన అనిపించవచ్చు గాని, అసలు పని జరిగేది అప్పుడే.

పిలుపుల సంగతే ముందు చెప్పడానికి కారణముంది. సాధారణ మర్యాదకు ‘సాన్’, అబ్బాయిలకు, తమకన్నా చిన్నవారికి ‘కున్’, చిన్నపిల్లలకు, ముద్దుగా పిలుచుకునేవారికి ‘చాన్’, అత్యంత గౌరవానికి ‘సామా’ పేరు చివర చేరతాయి. బడిలో, కొలువులో ముందు చేరినవారు ‘సెంపాయ్’ అవుతారు. తోటి విద్యార్థులు ఎక్కువగా ఇంటిపేరుతోనే పిలుచుకుంటారు కాబట్టి, ఇంటిపేరు నుంచి సొంత పేరుకు మారడం, ఆపైన చివరి ‘సాన్’ కూడా రాలిపోవడం కథలో పెద్ద మలుపు. చనువు లేనిచోట అదే పని చేస్తే అవమానమవుతుంది. ‘మీరు’ అని పిలిచే మనిషి మొదటిసారి ‘నువ్వు’ అన్న క్షణం ఎంత బరువైనదో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ‘నేను’ అనే మాటకు కూడా అక్కడ అనేక రూపాలున్నాయి. ‘వతాషి’ మర్యాదగా, ‘బొకు’ మెత్తగా, ‘ఒరె’ మొరటుగా, మగటిమితో ధ్వనిస్తాయి. కథల్లోని ముసలివాళ్లు ‘వాషి’ అంటారు. సబ్‌టైటిల్ వీటన్నిటికీ ఒకే మాట వేసి సరిపెడుతుంది. అప్పటిదాకా ‘బొకు’ అంటున్న కుర్రాడు కోపంలో ‘ఒరె’ అన్నాడంటే, ఆ మార్పును చెవి తప్ప మరేదీ పట్టుకోలేదు.

ఇంటి మాటలు కూడా ఇలాంటివే. బయటికి వెళ్లేవారు ‘ఇత్తెకిమాస్’ అంటే ఇంట్లో ఉన్నవారు ‘ఇత్తెరస్షాయ్’ అని సాగనంపుతారు; తిరిగి వచ్చినవారి ‘తదాయిమా’కు ‘ఒకాయెరి’ బదులు వస్తుంది. చీకటింట్లో అడుగుపెట్టి ‘తదాయిమా’ అన్న పాత్రకు ఏ గొంతూ పలకకపోతే, ఆ ఒంటరితనం గురించి దర్శకుడు ఇక ఒక్క మాటా చెప్పనక్కర్లేదు.

పేర్ల విషయంలో 2001 నాటి దర్శకుడు మియాజాకి హయావో సినిమా ఒక చక్కని పాఠం. మనకు ‘స్పిరిటెడ్ అవే’గా తెలిసిన ఆ సినిమా జపనీస్ శీర్షికలో సెన్, చిహిరో అని రెండు పేర్లున్నాయి, ఆ రెండూ ఒకే అమ్మాయివి. చిహిరో పేరును రెండు చిత్రాక్షరాలతో రాస్తారు. మంత్రగత్తె యుబాబా ఒప్పందపత్రం మీది అక్షరాలను గాలిలోకి లాగేసుకుని ఒక్కదాన్నే మిగిలిస్తుంది. ‘వేయి’ అనే అర్థమున్న ఆ అక్షరం పేరులో భాగంగా ఉన్నప్పుడు ‘చి’ అని, విడిగా ఉన్నప్పుడు ‘సెన్’ అని పలుకుతుంది. అమ్మాయికి కొత్త పేరు పెట్టలేదు, ఆమె పేరునే కోసి ఇచ్చారు. శీర్షికలోని ‘కమికకుషి’ అనే మాటకు మనుషులను దేవతలు మాయం చేయడం అని అర్థం; తప్పిపోయినవారి గురించి పాతకాలంలో ఉన్న నమ్మకమది.

ఋతువులు కూడా భాషలాగే పనిచేస్తాయి. విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది గనుక చెర్రీ పూలు రాలుతున్నాయంటే ఒక బడి ముగిసి మరొకటి మొదలవుతోందని అర్థం. కీచురాళ్ల రొద వినిపిస్తే నడివేసవి వచ్చినట్టే. ఎర్రటి హిగన్‌బనా పూలు శరద్విషువత్తు వేళ, చనిపోయినవారిని తలచుకునే రోజుల్లో పూస్తాయి కాబట్టి, అవి కనబడిన చోట మృత్యువు నీడ ఉందని అనుమానించవచ్చు. కిమోనోలో ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచును పైకి వేసేది శవానికి మాత్రమే.

ఇవన్నీ ఒకచోట కలిస్తే ఎలా ఉంటుందో 1988 నాటి ‘తొతోరో’లో, అంటే పైన చెప్పిన అక్కాచెల్లెళ్ల సినిమాలో, చూడవచ్చు. పెద్ద కర్పూరవృక్షానికి మెలితిప్పిన గడ్డితాడు కట్టి ఉంటుంది. అది దేవతకు నెలవైన చోటని షింతో అనే జపాన్ స్థానిక మత సంప్రదాయంలో గుర్తు. తండ్రి పిల్లలిద్దరినీ వరుసగా నిలబెట్టి, చిన్నదాన్ని కనిపెట్టుకున్నందుకు చెట్టుకు వంగి కృతజ్ఞత చెబుతాడు. మరో సన్నివేశంలో వానలో చిక్కుకున్న అక్కాచెల్లెళ్లు దారిపక్క చిన్న గుడి కింద నిలబడేముందు, కాసేపు ఆగనివ్వమని అక్కడి జిజో విగ్రహాన్ని అడుగుతారు. జిజో పిల్లలనూ బాటసారులనూ కాపాడే బోధిసత్వుడు. చివరలో తప్పిపోయిన చెల్లెలు దొరికేది కూడా జిజో విగ్రహాల పక్కనే. ఆ రాతిబొమ్మలు ఎవరివో తెలిసిన ప్రేక్షకుడికి పాప అంతసేపూ ఎవరి నీడన కూర్చుందో అర్థమవుతుంది, తెలియనివాడికి అవి దారిపక్క రాళ్లు.

కదలిక లేని దృశ్యాల గురించి కాస్త జాగ్రత్త అవసరం. రెండు చర్యల నడుమ ఉండే ఖాళీని జపనీయులు ‘మా’ అంటారు. మియాజాకి సినిమాల్లో పాత్రలు ఊరికే కూర్చుని నీళ్లవైపు చూసే ఘడియలు అలా బుద్ధిపూర్వకంగా ఉంచినవే. అలాగని టీవీ యానిమేలో కనబడే ప్రతి నిశ్చల దృశ్యంలోనూ తత్త్వం వెతకడం పొరపాటు. 1963 జనవరి 1న మాంగా రచయిత తెజుకా ఒసాము ‘తెత్సువాన్ అతోము’ (ఆస్ట్రో బాయ్)ను వారం వారం అరగంట ధారావాహికగా ప్రారంభించినప్పుడు, సెకనుకు 24 ఫ్రేములుండే చోట ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలపడం, పెదవులు మాత్రమే కదిలించడం, గీసిన బొమ్మలను దాచి మళ్లీ వాడడం వంటి పొదుపు మార్గాలు తొక్కవలసి వచ్చింది. ఆ పొదుపే క్రమంగా ఒక శైలిగా స్థిరపడింది. నా ఉద్దేశంలో తేడా పట్టడానికి తేలిక మార్గం శబ్దం వినడమే: బొమ్మ ఆగినా గాలి, నీరు, అడుగుల చప్పుడు శ్రద్ధగా అమర్చి ఉంటే ఆ విరామం కావాలని ఉంచినది.

కథ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు దర్శకుణ్ణి తిట్టుకోవడం కన్నా ప్రసార పద్ధతిని తెలుసుకోవడం మేలు. టీవీ యానిమే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల్లో మొదలయ్యే మూడేసి నెలల విడతలుగా, సుమారు 12 లేక 13 ఎపిసోడ్లతో వస్తుంది. ప్రచురణకర్తలు, ప్రసార సంస్థలు, సంగీత కంపెనీలు కలిసి ఏర్పరచుకున్న నిర్మాణ సంఘం డబ్బు పెడుతుంది. చాలాసార్లు మాంగా అమ్మకాలు పెంచడమే వాళ్ల లక్ష్యం కాబట్టి, మిగతా కథ పుస్తకంలోనే దొరుకుతుంది.

ఇక యానిమేలో కనిపించేదంతా జపాన్ జీవితమని నమ్మకూడదు. బడి కథల్లో మనసు విప్పి మాట్లాడుకునే సన్నివేశాలు తరచుగా డాబా మీదే జరుగుతాయి గాని, నిజానికి జపాన్‌లోని చాలా బడుల్లో ఆ తలుపుకు తాళం వేసి ఉంటుంది.